డనాంగ్‌లో చవక బస్సు టూర్: ఎక్కండి, కానీ సగం రోజుదే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. విజయవాడ నుంచి మీరు, మీవారు, 64 ఏళ్ళ అత్తయ్యగారు మార్చిలో వియత్నాం వెళ్తున్నారు. డనాంగ్‌లో మూడు రాత్రులు. అక్కడి హోటల్‌వాళ్ళు పంపిన "సిటీ టూర్" కాగితంలో ఏసీ బస్సు, ఇంగ్లీష్ గైడ్, ఎంట్రీ టికెట్లు, మధ్యాహ్న భోజనం అన్నీ కలిపి రాసిన రేటు మీరు ఊహించిన దాంట్లో సగం కూడా లేదు. ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారు, ఇందులో మోసం ఏమైనా ఉందా, మోకాళ్ళ నొప్పులున్న శాకాహారి అత్తయ్యగారిని అందులో ఎక్కించొచ్చా అని అడిగారు.

నేను హైదరాబాద్ నుంచి గ్రూపులను తీసుకెళ్ళే టూర్ మేనేజర్‌ని. వియత్నాంకి ఆరేళ్ళుగా వెళ్తున్నాను. డనాంగ్‌లో మా గ్రూపు బస్సులే కాకుండా, ఖాళీ రోజుల్లో మామూలు ప్రయాణికుడిలా టికెట్ కొనుక్కుని ఈ చవక బస్సులు కూడా చాలాసార్లు ఎక్కాను. కాబట్టి రెండు వైపుల సంగతీ తెలుసు.

ముందు జవాబు చెప్పేస్తాను. మోసం కాదు, ఎక్కొచ్చు. కానీ రోజంతా తిప్పేది తీసుకోకండి, సగం రోజుది తీసుకోండి. అదీ ఉదయం బయల్దేరేది.

ఎందుకో చెప్పాలంటే ఆ రేటు ఎలా తయారవుతుందో చెప్పాలి. వియత్నాంలో ఒక్కో హోటల్ నుంచి ఇద్దరినీ ముగ్గురినీ పోగేసి ఒకే బస్సులో వేసే పద్ధతి మామూలే. మీకు టికెట్ అమ్మిన హోటల్‌కి కొంత కమీషన్ పోతుంది. మీ హోటల్‌వాళ్ళు, పక్క హోటల్‌వాళ్ళు, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు తలా ఒక పేరుతో, తలా ఒక రేటుకి అమ్మినా చివరికి అందరూ ఎక్కేది ఒకే బస్సు. పక్క సీటాయనని ఎంతకి కొన్నారని అడిగితే మనసు పాడవుతుంది, అడక్కండి. బస్సు, డ్రైవర్, గైడ్ ఖర్చులు, ఎంట్రీ టికెట్లు, భోజనం అన్నీ పోగా కంపెనీకి మిగిలేది చాలా తక్కువ. ఆ లోటు దుకాణాలు పూడుస్తాయి. దారిలో రాతి విగ్రహాల షోరూమ్, ముత్యాల దుకాణం, పట్టు దుకాణం, కాఫీ రుచి చూపించే చోటు... బస్సు ఎక్కడ ఆగినా ఆ ఆగినందుకు గైడ్‌కో కంపెనీకో కొంత ముడుతుంది. మీరు కొంటే ఇంకొంచెం. నేను కూడా ఈ వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి గైడ్‌ని తప్పు పట్టను. టికెట్‌లో తగ్గిన డబ్బుని మన గడియారంలోంచి తీసుకుంటారు, అంతే.

సగం రోజు టూర్‌లో దుకాణం ఒకటే ఉంటుంది, మహా అయితే రెండు. రోజంతా టూర్‌లో మూడు, నాలుగు. మూడేళ్ళ క్రితం మా గ్రూపుకి సొంత బస్సు దొరక్క అక్కడి ఒక కంపెనీ బస్సులో ఎక్కించాల్సి వచ్చింది. ప్రోగ్రామ్‌లో చివరి అంశం చామ్ మ్యూజియం, అక్కడి పాత చామ్ రాజుల కాలపు శిల్పాలున్నది. భోజనం తర్వాత పట్టు దుకాణంలో గంటంపావు కూర్చోబెట్టారు. పురుగుల్ని చూపించారు, మగ్గం చూపించారు, మా ఆడవాళ్ళకి టీ ఇచ్చారు. బయటికొచ్చి మ్యూజియం గేటు దగ్గరికి చేరేసరికి అయిదు దాటింది. అది మూసే టైమ్ అయిదు. గైడ్ కుర్రాడు చేతులు జోడించి "సారీ, ట్రాఫిక్" అన్నాడు. మా గ్రూపులో ఉన్న రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకాయన ఆ మ్యూజియం కోసమే డనాంగ్ వచ్చారు. రాత్రి భోజనం దగ్గర కూడా నాతో మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నేను ఎవరికీ రోజంతా టూర్ సిఫారసు చేయడం లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. అక్కడి డబ్బు డాంగ్, దాని లెక్క తేలిక: చివరి మూడు సున్నాలు కొట్టేసి మూడున్నరతో గుణిస్తే రూపాయలు వస్తాయి, కొంచెం అటూ ఇటూగా. లక్ష డాంగ్‌లంటే మన మూడు వందల యాభై అనుకోండి. నేను చివరిసారి వెళ్ళినప్పుడు సగం రోజు బస్సు మనిషికి మూడు, నాలుగు లక్షల డాంగ్‌ల మధ్య ఉంది, భోజనంతో రోజంతా తిప్పేది అయిదారు లక్షలు. ఇద్దరు వెళ్తే బస్సే లాభం. నలుగురుంటే ఏడు సీట్ల కారు మాట్లాడుకోవడమే చవక, చాలామంది ఈ లెక్క వేసుకోరు. మీరు ముగ్గురు కాబట్టి సరిగ్గా మధ్యలో ఉన్నారు. కారైతే గైడ్ ఉండడు, టికెట్లు మీరే కొనుక్కోవాలి, డ్రైవర్‌కి ఇంగ్లీష్ రాకపోతే ఫోన్‌లో అనువాదం చూపించుకుంటూ తిరగాలి. అత్తయ్యగారు పది మెట్లు ఎక్కితే కూర్చుండిపోయే స్థితిలో ఉంటే కారే తీసుకోండి, ఆలోచించకండి. నెమ్మదిగానైనా నడవగలిగితే బస్సు చాలు.

టికెట్ కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి: పాలరాతి కొండల టికెట్, అక్కడి లిఫ్టు టికెట్ ఇందులో ఉన్నాయా, బస్సు ఎన్ని సీట్లది, ఏ దుకాణాల దగ్గర ఆపుతారు. మూడోది అడగ్గానే హోటల్ రిసెప్షన్ అమ్మాయి నవ్వుతుంది. ఫరవాలేదు, నవ్వుతూనే చెబుతుంది.

బస్సు సీట్ల గురించి ఎందుకు అడగమన్నానంటే, ఈ టూర్లకు వచ్చేవి మూడు రకాలు: పదహారు సీట్లది, ఇరవై తొమ్మిది సీట్లది, నలభై అయిదు సీట్లది. పదహారు సీట్లది వస్తే అదృష్టం, జనం తక్కువ, ఎక్కడైనా తొందరగా ఎక్కి దిగుతారు. కానీ కాళ్ళు చాపుకోవడానికి చోటుండదు, వెనక వరుసలో కూర్చుంటే మోకాళ్ళు ముందు సీటుకి తగులుతాయి. అత్తయ్యగారికి తలుపు పక్క సీటు అడగండి. "ఎనిమిదింటికి పికప్" అని రాస్తారు, అంటే ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా లాబీలో కూర్చోవాలి. తర్వాత ఇంకో ముప్పావు గంట మిగతా హోటళ్ళ చుట్టూ తిరుగుతుంది. మీ హోటల్ బీచ్ దగ్గర ఆన్ థువాంగ్ వైపు ఉంటే చివర్లో ఎక్కించుకునే అవకాశం ఎక్కువ, అంటే మంచి సీట్లు అప్పటికే పోయి ఉంటాయి. ఇంకొకటి, అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి. బస్సు తలుపు కూడా కుడివైపే. రోడ్డు దాటేటప్పుడు మనకి అలవాటైన వైపు చూసి అడుగేస్తే మోటార్ సైకిల్ మీద పడుతుంది. అత్తయ్యగారి చెయ్యి పట్టుకునే దాటించండి.

సగం రోజు టూర్ సాధారణంగా రెండే పెద్ద చోట్లు చూపిస్తుంది. ఉత్తరాన సన్ ట్రా కొండ మీద లిన్ ఉంగ్ గుడి, దక్షిణాన పాలరాతి కొండలు. ఈ రెంటినీ కలిపేది సముద్రం పక్కనే పోయే రోడ్డు. మీ ఖే అనే బీచ్ ముందున్న ఆ రోడ్డు పేరు వో న్గుయెన్ జాప్, 1954లో దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచివాళ్ళని ఓడించిన జనరల్ పేరు. ఈ రెండు చోట్లకి విడిగా టాక్సీల్లో వెళ్ళి రావడం ఖర్చు, టైమ్ రెండూ దండగ. బస్సు పనికొచ్చేది ఇక్కడే. ఊరి మధ్యలో ఉన్నవాటికి, అంటే డ్రాగన్ బ్రిడ్జి, హాన్ మార్కెట్, గులాబీ రంగు చర్చి, చామ్ మ్యూజియం లాంటివాటికి బస్సు అక్కర్లేదు. నడిచో చిన్న టాక్సీలోనో వెళ్ళొచ్చు.

లిన్ ఉంగ్ గుడి దగ్గర పెద్దగా చెప్పడానికేం లేదు, చూడాల్సిందే. 67 మీటర్ల తెల్లని విగ్రహం, సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటుంది. బౌద్ధుల అవలోకితేశ్వరుడు అక్కడ అమ్మవారి రూపంలో ఉన్నాడన్నమాట, వాళ్ళు క్వాన్ ఆమ్ అంటారు. వేటకెళ్ళే జాలర్లని కాపాడుతుందని నమ్మకం. 2010లో పూర్తయింది. బస్సు గుడి ముందే ఆగుతుంది, మెట్లు తక్కువ. టికెట్ లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకునే బట్టలు కావాలి, చీరకి ఏ ఇబ్బందీ లేదు. కోతులుంటాయి, చేతిలో అరటిపండు కనపడనివ్వకండి. తిరుపతి కోతులతో వేగినవాళ్ళకి వేరే చెప్పాలా!

పాలరాతి కొండల దగ్గర మాత్రం కొంచెం ప్లాన్ ఉండాలి. అవి అయిదు కొండలు. పంచభూతాల్లాగా వాళ్ళకీ అయిదు తత్వాలున్నాయి, లెక్క మాత్రం వేరే: లోహం, కొయ్య, నీరు, నిప్పు, మట్టి. ఒక్కో కొండకి ఒక్కో పేరు. ఎక్కి చూసేది నీటి కొండ, థుయ్ సన్. నేను వెళ్ళినప్పుడు టికెట్ 40 వేల డాంగ్‌లు, లిఫ్టు ఒక వైపుకి 15 వేలు. ఇక్కడే చాలా టూర్లలో చిన్న కిటుకు ఉంటుంది: కొండ టికెట్ ఇస్తారు, లిఫ్టు టికెట్ ఇవ్వరు. గైడ్ "నూటయాభై మెట్లే, ఈజీ" అని నడిపిస్తాడు. మీరు లిఫ్టు డబ్బు విడిగా కట్టి అత్తయ్యగారిని పైకి పంపండి, 15 వేలంటే మన యాభై రూపాయలు. కానీ లిఫ్టు ఎక్కినంత మాత్రాన మెట్లు తప్పవు. పైన ఒక గుహ నుంచి ఇంకో గుహకి అన్నీ రాతి మెట్లే, కొన్ని చోట్ల తడిగా జారుతుంటాయి.

అన్నిటికంటే గొప్పది హుయెన్ ఖోంగ్ గుహ. దానికోసం కొంచెం ఎక్కి, మళ్ళీ లోపలికి దిగాలి. లోపల పెద్ద హాలంత చోటు, పైకప్పు రాతిలో కన్నాలు. ఉదయం పూట వెళ్తే ఆ కన్నాల్లోంచి ఎండ కర్రల్లా కిందికి దిగుతుంది, అగరుబత్తి పొగ అందులో మెల్లగా తిరుగుతూ కనిపిస్తుంది. గోడకి చెక్కిన బుద్ధుడు ఆ వెలుతురులో ఒక పక్క మాత్రమే కనపడతాడు. అమెరికా యుద్ధకాలంలో అమెరికాతో పోరాడిన వియత్ కాంగ్ సైనికులు ఇదే గుహని ఆసుపత్రిగా వాడుకున్నారు. కింద బీచ్‌లో అమెరికన్ సైనికులు సెలవులు గడుపుతుంటే, ఆ పక్క కొండలోనే వాళ్ళ శత్రువులు గాయాలకి కట్లు కట్టించుకుంటూ ఉన్నారు. ఉదయం టూరే తీసుకోమన్నది ఈ వెలుతురు కోసమే. మధ్యాహ్నం టూర్‌లో వెళ్ళినవాళ్ళు "చీకటి గుహ, దోమలు" అని తిరిగొస్తారు.

అత్తయ్యగారు గుహలోకి దిగలేకపోతే లిఫ్టు దిగిన దగ్గరే గుడి, బల్లలు, చల్లటి నీడ, కింద సముద్రం కనిపించే చోటు ఉన్నాయి. అక్కడ కూర్చోబెట్టి అరగంటలో వచ్చేయండి. గైడ్‌కి ముందే చెప్పండి, లేకపోతే తలలు లెక్కపెట్టుకుంటూ కంగారు పడతాడు.

కొండ దిగగానే దుకాణం. కొండ కింది ఊరంతా రాతి పనివాళ్ళదే, నోన్ నుయోక్ అంటారు. రోడ్డుకి రెండు పక్కలా సింహాలు, నవ్వే బుద్ధులు, మరియమ్మలు, ఎవరివో పెద్ద పెద్ద తలలు. కొండలు తవ్వడం ఆపేసి చాలా కాలమైంది, ఇప్పుడు రాయి బయటినుంచే తెస్తారు. అందుకే "ఈ కొండ రాయి" అని ఎవరైనా అంటే నమ్మకండి. మనల్ని చూడగానే "ఇండియా?" అని అడిగి లోపలికి పరిగెత్తి చిన్న వినాయకుణ్ణి పట్టుకొస్తారు. మా గ్రూపు పిన్నిగారొకరు అలా తెచ్చిన వినాయకుణ్ణి చేతిలోకి తీసుకుని, చల్లగా ఉంది, బరువుగా ఉంది, పాలరాయే అని మురిసిపోయారు. నేను తిప్పి అడుగున చూపించాను. పీఠం అంచు వెంబడి వెంట్రుకంత సన్నని గీత, అచ్చు రెండు సగాలు కలిసిన చోటు. రాతి పొడిని జిగురుతో కలిపి అచ్చులో పోసిన బొమ్మ. చెక్కిన రాయికి ఆ గీత ఉండదు, వంకుల్లో ఉలి గాట్లు కొంచెం గరుగ్గా చేతికి తగులుతాయి. ఆవిడ అదే కొన్నారు, అది వేరే సంగతి. కానీ మొదట చెప్పిన రేటులో మూడో వంతుకి కొన్నారు. మీరూ కొనాలనుకుంటే కొనండి, బరువు మాత్రం గుర్తుంచుకోండి, చవక విమాన టికెట్లలో లగేజీకి విడిగా కట్టాలి. అక్కర్లేకపోతే షోరూమ్ లోపలికే వెళ్ళకుండా బయట చెరకు రసం తాగుతూ నిలబడండి. ఎవరూ ఏమీ అనరు. చిన్న నారింజ లాంటి కాయ వేసి పిండుతారు, మన రసం కంటే కొంచెం పుల్లగా బాగుంటుంది.

తిండి సంగతి. సగం రోజు టూర్ అయితే భోజనం గొడవే ఉండదు, పన్నెండున్నర, ఒంటిగంటకి హోటల్ దగ్గర దింపేస్తారు. రోజంతా టూర్ భోజనం పెద్ద బల్ల చుట్టూ పది మందికి కలిపి వడ్డిస్తారు. శాకాహారం అని ముందే రాయిస్తే ఉడికించిన కాయగూరలు, టోఫూ, అన్నం వస్తాయి. టోఫూ మీద పోసిన సాస్‌లో చేపల సాస్ ఉంటుంది. వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు, ఉప్పులాంటిది. నువోక్ మామ్ అంటారు. అది వద్దని విడిగా చెప్పాలి.

ఇక్కడ ఒక మాట నేర్చుకుంటే వియత్నాం అంతా బతికేయొచ్చు: "ఆన్ చాయ్." శాకాహారం తింటాను అని. చాయ్ అంటే అక్కడ టీ కాదు! బౌద్ధుల శాకాహార భోజనం. బోర్డు మీద ఆ మాట ఉన్న హోటల్‌లో కూర్చుంటే ఏది పెట్టినా కళ్ళు మూసుకుని తినొచ్చు, గుడ్డు సంగతి మాత్రం అడగండి. పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల, అంటే వాళ్ళ చాంద్రమాన నెలలో ఒకటి, పదిహేను తేదీల్లో చాలామంది మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో ఈ హోటళ్ళు కిటకిటలాడతాయి, ఎన్నో రకాలు చేస్తారు. మీ తేదీలు అలా కలిసొస్తే అత్తయ్యగారికి పండగే. మన కారం మాత్రం దొరకదు. ఒక చిన్న డబ్బాలో కంది పొడో, కారప్పొడో పెట్టుకోండి, మా గ్రూపుల్లో దానికోసం చివరి రోజు కొట్టుకుంటారు.

సరే, బస్సు మిమ్మల్ని ఒంటిగంటకి దింపింది. కాసేపు పడుకుని, మూడింటికల్లా చామ్ మ్యూజియానికి వెళ్ళండి. నేను డనాంగ్ గురించి ఒక్క మాటే చెప్పమంటే ఇదే చెబుతాను. డ్రాగన్ బ్రిడ్జికి ఊరి వైపు చివర, పసుపు రంగు పాత ఫ్రెంచ్ భవనం. ఫ్రెంచివాళ్ళు ఈ ఊరిని తురాన్ అని పిలిచే కాలంలో, 1919లో తెరిచారు. టికెట్ 60 వేల డాంగ్‌లు. చవక బస్సులు దీన్ని ప్రోగ్రామ్‌లోంచి తీసేస్తాయి, లేదా ఇరవై నిమిషాలిస్తాయి. టికెట్ ఖర్చు వాళ్ళది, ఇందులో దుకాణం కమీషన్ రాదు, మిగతా ప్రయాణికులకి బోర్ కొడుతుంది, అందుకు. మనకి బోర్ కొట్టదు.

మన దేశంలో గుళ్ళు చూసి పెరిగిన అత్తయ్యగారు లోపలికి అడుగుపెట్టగానే గైడ్ అవసరం లేకుండా బొమ్మల్ని పేర్లతో పిలవడం మొదలుపెడతారు. నాకు ప్రతి గ్రూపులోనూ ఇదే అనుభవం. ఇంగ్లీష్ బోర్డులు నేను చదివి చెప్పేలోపే పెద్దవాళ్ళు "ఇదిగో నంది, ఇది పానవట్టం, ఈయన గరుత్మంతుడు" అంటూ ముందుకు పోతుంటారు. ఈ రాళ్ళన్నీ చామ్ రాజులవి. వెయ్యేళ్ళకు పైగా మధ్య వియత్నాం తీరాన్ని ఏలినవాళ్ళు. రాజుల పేర్లు భద్రవర్మ, ఇంద్రవర్మ. శాసనాలు సంస్కృతంలోనూ చామ్ భాషలోనూ ఉన్నాయి. మీ సన్ అనే చోట, అంటే చామ్ రాజుల పాత గుళ్ళున్న ఊరి నుంచి తెచ్చిన వినాయకుడు ఉన్నాడు, కూర్చున్నవాడు కాదు, నిటారుగా నిలబడ్డవాడు, తొండం చేతిలోని గిన్నెలో ఉంటుంది. మన బొజ్జ గణపతికి దూరపు చుట్టంలా ఉంటాడు.

రెండు పీఠాల దగ్గర కాస్త ఆగండి. ఒకటి మీ సన్ నుంచి వచ్చిన పెద్ద లింగ పీఠం. చుట్టూ అడవిలో మునుల జీవితం చెక్కారు. ఒకాయన ధ్యానంలో ఉంటాడు, ఒకాయన వేణువు ఊదుతుంటాడు, ఒకాయన ఇంకొకరికి ఒళ్ళు పడుతుంటాడు. ఋషులంటే ఇలా కూడా ఉంటారా అని నవ్వొస్తుంది. రెండోది ట్రా కియూ అనే చోట దొరికింది, ఆ ఊరి పాత పేరు సింహపురం, ఒకప్పటి రాజధాని. దాని కింది అంచులో సన్నని బొమ్మల వరుస ఉంది. అది శివధనుస్సు విరవడం, సీతా కల్యాణం అని ఒక పండితుడు చదివితే, కాదు కృష్ణ కథ అని ఇంకొకరు చదివారు. మీరు ముగ్గురూ పీఠం చుట్టూ తిరిగి మీ తీర్పు మీరివ్వండి. మా గ్రూపుల్లో ఎప్పుడూ రాముడే గెలుస్తాడు, భద్రాచలం ప్రభావం కావచ్చు.

ఇంకొక సంగతి. చామ్ రాజ్యంలో ఈ డనాంగ్, మీ సన్ ఉన్న ప్రాంతం పేరు అమరావతి. ఇది చెప్పగానే గుంటూరు, విజయవాడ వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. ఇక్కడి దోంగ్ దువాంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధ విగ్రహాన్ని చూసినవాళ్ళు మన అమరావతి శైలితో పోల్చారు కూడా. ఆ విగ్రహం ఇప్పుడు హో చి మిన్ సిటీ చరిత్ర మ్యూజియంలో ఉంది, మీరు ఆ ఊరు కూడా వెళ్తుంటే చూడండి. కానీ పేరు ఒకటైనంత మాత్రాన కృష్ణా తీరం నుంచి ఎవరో ఓడెక్కి వచ్చి ఈ రాజ్యం పెట్టారని ఏ గైడైనా చెబితే తలూపకండి. మన గ్రూపుని చూసి, మనకి నచ్చుతుందని అలా చెప్పే గైడ్‌లని చూశాను, టిప్పు కూడా బాగా వస్తుంది వాళ్ళకి.

గంటన్నర పెట్టుకోండి. బల్లలున్నాయి, మెట్లు తక్కువ, అత్తయ్యగారికి ఆ రోజు మొత్తంలో సుఖమైన చోటు ఇదే.

మిగతా రెండు రోజులకి బస్సు టూర్ల గురించి అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. హోయ్ ఆన్ అనే పాత ఊరికి సాయంత్రం బస్సు తీసుకోండి, ముప్పై కిలోమీటర్లు, దీపాలు వెలిగాక దాని అందం. పాత ఊళ్ళోకి లక్షా ఇరవై వేల డాంగ్‌ల టికెట్ విడిగా ఉంటుంది. 2025 జులై నుంచి పాలనా లెక్కలో హోయ్ ఆన్, మీ సన్ కూడా డనాంగ్ నగరంలో కలిసిపోయాయి, కాబట్టి "డనాంగ్ సిటీ టూర్" అనే మాటకి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెబుతారు. కాగితంలో ఊళ్ళ పేర్లు చూసి కొనండి. బా నా కొండల టూర్ రేటు చూసి చవక అనుకోకండి. రెండు చేతులు ఎత్తి పట్టుకున్నట్టుండే ఆ బంగారు వంతెన అక్కడిదే. చాలా కాగితాల్లో రోప్‌వే టికెట్ కలపరు, అదొక్కటే మనిషికి తొమ్మిది, పది లక్షల డాంగ్‌లు. రోప్‌వే అద్భుతం, పైన ఉన్నది కొత్తగా కట్టిన ఫ్రెంచ్ ఊరి నకలు. చిన్న పిల్లలుంటే వెళ్ళమనేవాణ్ణి. మీ ముగ్గురికి ఆ డబ్బుతో మీ సన్ మంచిది. అక్కడ మన పురావస్తు శాఖవాళ్ళు ఆలయాలు బాగుచేస్తూ 2020లో ఒకే రాతి శివలింగాన్ని బయటికి తీశారు.

నోట్ల విషయం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 20 వేల నోటు నీలం, 5 లక్షల నోటు కూడా నీలమే. రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. రెండూ ప్లాస్టిక్ కాగితం లాంటివే, చెమట చేతిలో ఒకదానికొకటి అంటుకుంటాయి. బస్సు దిగే తొందరలో కొబ్బరిబొండం అమ్మే ఆవిడకి 20 వేలనుకుని 5 లక్షలిచ్చాడు మా గ్రూపు కుర్రాడొకడు. ఆవిడ వెనక్కి పిలిచి ఇచ్చేసింది, అందరూ పిలవరు. 5 లక్షల నోట్లు వేరే జేబులో పెట్టుకోండి. అత్తయ్యగారి చేతికి చిన్న నోట్లే ఇవ్వండి.

వాతావరణం గురించి టెన్షన్ వద్దు, మార్చి మంచి నెల. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా అయితే వానలు, తుఫాన్లు, ఈ జవాబు వేరేగా రాసేవాణ్ణి.

చివరిగా, మీ మూడు రాత్రుల్లో శనివారమో ఆదివారమో ఉండేలా చూసుకోండి. రాత్రి తొమ్మిదింటికి డ్రాగన్ ఆకారంలో ఉన్న డ్రాగన్ బ్రిడ్జి తల నోట్లోంచి మంట కక్కుతుంది, ఆ తర్వాత నీళ్ళు. 666 మీటర్ల పొడవు, 2013లో తెరిచారు. ఆ టైమ్‌కి వంతెన మీద బండ్లు ఆపేస్తారు, కాబట్టి ఆ రోజు హోయ్ ఆన్ బస్సు తీసుకుంటే వంతెన అవతలే ఇరుక్కుపోవచ్చు. తల ఉన్నది బీచ్ వైపు గట్టున. ఎనిమిదిన్నరకల్లా చేరి, తలకి ఎదురుగా కాకుండా ఓ పక్కకి, నది ఒడ్డున బల్ల దొరికితే అత్తయ్యగారిని కూర్చోబెట్టండి. తల కింద నిలబడ్డవాళ్ళు మంటకి చప్పట్లు కొట్టి, నీళ్ళకి తడిసి ముద్దవుతారు. మీవారికి సరదా ఉంటే ఫోన్ మీ చేతికిచ్చి వెళ్ళమనండి.